సున్నా అయినా సరే, రిపోర్ట్ మాత్రం పంపాల్సిందే

ఆగస్టు వచ్చిందంటే ఈ శీర్షికకు ఒకే రకం ఉత్తరాలు ఎక్కువైపోతాయి. అమెరికాలో చిన్నదో పెద్దదో ఐటీ కంపెనీ నడిపే మనవాళ్లు, ఆ కంపెనీల్లో హెచ్‌ఆర్ చూసేవాళ్లు "వెటరన్స్ రిపోర్ట్ అంటున్నారు, ఇదేం గోలండీ" అని రాస్తారు. అందుకే ఈసారి వీసా ప్రశ్నలు, ట్యాక్స్ ప్రశ్నలు పక్కన పెట్టి జాగా మొత్తం దీనికే ఇచ్చాం.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫెడరల్ ప్రభుత్వంతో కాంట్రాక్టు ఉన్న కంపెనీ మాజీ సైనికుల (వెటరన్ల) పట్ల వివక్ష చూపకూడదు. అంతటితో అయిపోదు, వాళ్లకు ఉద్యోగాల సంగతి తెలిసేలా ప్రయత్నం కూడా చేయాలి. 1974లో వచ్చిన ఈ చట్టం పేరు వియత్నాం ఎరా వెటరన్స్ రీఅడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ యాక్ట్. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, హెచ్‌ఆర్ వాళ్లంతా "వెవ్రా" అనేస్తారు. దీన్ని చూసే ఆఫీసులు రెండు, రెండూ లేబర్ డిపార్ట్‌మెంట్‌లోవే. మీరు చట్టం ప్రకారం నడుస్తున్నారా లేదా అని తనిఖీ చేసేది ఓఎఫ్‌సీసీపీ, ఏటా రిపోర్ట్ తీసుకునేది వెట్స్, ఆ రిపోర్ట్ పేరే వెట్స్-4212. ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే సగం తలనొప్పులు.

ప్రశ్న: మాది 38 మంది ఉన్న ఐటీ కన్సల్టింగ్ కంపెనీ. ప్రభుత్వంతో నేరుగా కాంట్రాక్టు ఉన్న ఒక పెద్ద కంపెనీ (ప్రైమ్) కింద సబ్‌కాంట్రాక్టర్‌గా (సబ్) ఫెడరల్ ప్రాజెక్టులో నలుగురిని పెట్టాం. ఈమధ్య ప్రైమ్ వాళ్లు "వెట్స్-4212 ఫైల్ చేశారా?" అని మెయిల్ పెట్టారు. 50 మంది లేని కంపెనీకి ఇదేమీ వర్తించదని మా సీపీఏ గారు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? (ఎడిసన్, న్యూజెర్సీ)

ఈ విషయంలో ప్రైమ్ మాటే నమ్మండి. మీ సీపీఏ గారు చెప్పిన 50 అంకె ఉన్నమాట నిజమే కానీ అది వేరే దానికి. 50 మంది, ఆపైన ఉన్న కంపెనీ రాతపూర్వకంగా అఫర్మేటివ్ యాక్షన్ ప్రోగ్రామ్, అంటే వెటరన్లకు అవకాశాలు అందేలా ఏం చేస్తామో చెప్పే ప్రణాళిక, తయారుచేసి పెట్టుకోవాలి. మీకు ఆ బాధ లేదు. వెట్స్-4212 రిపోర్ట్‌కు మాత్రం తలల లెక్కతో పని లేదు, కాంట్రాక్టు విలువే లెక్క. ఆరుగురే ఉన్న కంపెనీ అయినా కాంట్రాక్టు ఆ గీత దాటితే రిపోర్ట్ పంపాలి.

గీత ఎక్కడుందంటే, 2015 అక్టోబర్ 1 నుంచి అది లక్షన్నర డాలర్లు, 2025 అక్టోబర్ 1 నుంచి 2 లక్షలకు పెంచారు. పాత కాంట్రాక్టు అయితే అందులో ఏ అంకె రాసి ఉందో చూసుకోండి. చిన్న చిన్న కాంట్రాక్టులన్నీ కూడి చూడక్కర్లేదు, ఒక్కోదాన్ని విడిగానే చూస్తారు. అయినా మీ విషయంలో కూడికలు అవసరం పడేలా లేవు. గంటకు 70 డాలర్ల బిల్లింగ్ అనుకున్నా ఒక్క మనిషి ఏడాది పనిచేస్తే దాదాపు లక్షా 40 వేలు, నలుగురంటే 5 లక్షలు దాటిపోతుంది.

"మేం సబ్ మాత్రమే కదా" అని చాలామంది నింపాదిగా ఉంటారు. ప్రైమ్ ఒప్పుకున్న పనిలో కొంత భాగం మీరు చేస్తుంటే మీరూ ఈ చట్టం కిందికి వచ్చినట్టే. ప్రైమ్ కింద ఇంప్లిమెంటేషన్ పార్టనర్, ఆ కింద ఒక వెండర్, ఆ వెండర్ కింద మీరు, ఇలా మన స్టాఫింగ్ గొలుసు ఎంత పొడుగున్నా గీత దాటిన ప్రతి మెట్టుకూ ఇదే వర్తిస్తుంది. అనుమానం ఉంటే మీరు సంతకం పెట్టిన అగ్రిమెంట్ తెరిచి 52.222-35, 52.222-37 అన్న అంకెల కోసం వెతకండి. మొదటిది వెటరన్లకు సమాన అవకాశం గురించి, రెండోది రిపోర్ట్ గురించి. సంతకం పెట్టేరోజు ఎవరూ చదవని ఆ చివరి పేజీల్లోనే ఉంటాయి. ఇంకో సంగతి, రిపోర్ట్ ఆ నలుగురి గురించి కాదు, మీ 38 మంది మొత్తం గురించి పంపాలి. బ్యాంకు క్లయింట్ దగ్గర పనిచేసేవాళ్లనైనా, బెంచ్ మీద కూర్చున్నవాళ్లనైనా, మీ పేరోల్‌లో డబ్ల్యూ-2 మీద ఉంటే లెక్కలో వేయాలి. కార్ప్ టు కార్ప్ మీద, అంటే వేరే కంపెనీ ద్వారా, తెచ్చుకున్నవాళ్లు మీ ఉద్యోగులు కారు కాబట్టి వాళ్లను వదిలేయవచ్చు.

ప్రశ్న: మా కంపెనీలో 44 మంది ఉన్నాం, అందులో ఒక్క వెటరన్ కూడా లేడు. ఉన్నదంతా హెచ్1, ఓపీటీ, గ్రీన్‌కార్డ్ వాళ్లే. రిపోర్ట్‌లో అన్నీ సున్నాలు పెట్టి పంపితే ఏరికోరి ఆడిట్‌కు పిలుచుకున్నట్టు అవదా? అసలు పంపకుండా ఊరుకుంటేనే మేలేమో అని మా డైరెక్టర్ గారు. (అర్వింగ్, టెక్సస్)

మీ డైరెక్టర్ గారి భయం అర్థమవుతోంది కానీ ఆయన తేల్చింది తలకిందులుగా ఉంది. సున్నా రాయడం నేరం కాదు. పంపకపోవడమే చట్టం ఉల్లంఘించడం. ఆ రిపోర్ట్‌లో ఉండాల్సింది నిజమైన లెక్క, అందంగా ఉండే లెక్క కాదు.

ముందు ఆ ఫారం ఎలా ఉంటుందో చూడండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఎడమవైపు పది వరసలు, ఉద్యోగ రకాలు. పై స్థాయి అధికారులు, మధ్యస్థాయి మేనేజర్లు, ప్రొఫెషనల్స్, టెక్నీషియన్లు, సేల్స్, ఆఫీసు సహాయకులు, ఇలా కింద లేబర్, సర్వీసు పనివాళ్ల దాకా. మీ డెవలపర్లు, టెస్టర్లు దాదాపు అందరూ ప్రొఫెషనల్స్ అన్న ఒక్క వరసలోనే పడతారు. కుడివైపు నాలుగే గళ్లు. ఉన్న ఉద్యోగుల్లో వెటరన్లు ఎంతమంది, మొత్తం ఎంతమంది, ఈ 12 నెలల్లో కొత్తగా చేరినవాళ్లలో వెటరన్లు ఎంతమంది, మొత్తం ఎంతమంది. వీటితోపాటు ఆ ఏడాదిలో మీ సిబ్బంది అత్యధికంగా ఎంత, అత్యల్పంగా ఎంత అని రెండు అంకెలు. అంతే. ఎవరి పేరూ రాయక్కర్లేదు, ఎవరు ఏ యుద్ధంలో ఉన్నారో చెప్పక్కర్లేదు. ఇదివరకు వెట్స్-100 అనీ, 100ఏ అనీ ఫారాలు ఉండేవి, వాటిలో వెటరన్లను రకాలవారీగా విడగొట్టి చూపాల్సి వచ్చేది. 2015 నుంచి ఆ బాధ తీసేసి అందరినీ కలిపి ఒక్క అంకె అడుగుతున్నారు.

12 నెలలంటే ఎక్కడినుంచి ఎక్కడికి అని అడుగుతారు. జులై 1కి, ఆగస్టు 31కి మధ్య ఏదో ఒక పేరోల్ ముగిసే తేదీ ఎంచుకోండి, అక్కడినుంచి వెనక్కి 12 నెలలు. ఫైలింగ్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది, సెప్టెంబర్ 30 ఆఖరు. జులై నెలాఖరు పేరోల్ తీసుకుంటే ఆగస్టు మొదటి వారంలోనే పని అయిపోతుంది, దసరా సెలవుల హడావుడి లోపు దీన్ని బల్లమీద నుంచి దింపేయొచ్చు. ఒకటికంటే ఎక్కువ ఊళ్లలో ఆఫీసులుంటే మాత్రం కొంచెం ఓపిక పట్టాలి. 50 మంది, ఆపైన ఉన్న ప్రతి చోటుకూ విడి రిపోర్ట్, అంతకంటే చిన్నవాటిని రాష్ట్రానికొకటిగా కలిపి చూపవచ్చు.

ఇక పంపకపోతే ఏమవుతుందన్నది. కిందటి ఏడాది రిపోర్ట్ పంపాల్సి ఉండీ పంపని కంపెనీతో కొత్త కాంట్రాక్టు కుదుర్చుకోవడానికి ఏ ఫెడరల్ ఏజెన్సీ డబ్బు ఖర్చుపెట్టకూడదని చట్టంలోనే ఉంది. కాంట్రాక్టింగ్ ఆఫీసర్ మీకు ఎంత కావలసినవాడైనా ఆయన చేతిలో ఏమీ ఉండదు. పైగా మీరే ప్రైమ్‌గా బిడ్ వేసేటప్పుడు "మా రిపోర్ట్ పంపేశాం" అని ధ్రువీకరణ ఇస్తారు. రిపోర్ట్ పంపకుండా ఆ మాట చెప్పారంటే అది మరచిపోవడం కిందికి రాదు, ప్రభుత్వానికి అబద్ధం చెప్పినట్టు. మీ డైరెక్టర్ గారికి ఈ పేరా చదివి వినిపించండి.

ప్రశ్న: మాకు నేరుగా ఫెడరల్ కాంట్రాక్టు ఉంది, 70 మంది ఉన్నాం. వెటరన్లు ఇంత శాతం ఉండాలని ఒక టార్గెట్ ఉందట. అంటే మన దగ్గర మాజీ సైనికుల రిజర్వేషన్ లాంటిదేనా? (కొలంబస్, ఒహాయో)

కాదండీ. ఇండియాలో ప్రభుత్వరంగ సంస్థలు, బ్యాంకుల గ్రూప్ సీ ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 14.5 శాతం, గ్రూప్ డీలో 24.5 శాతం కేటాయింపు ఉంటుంది. ఆ పోస్టులు వాళ్ల కోసం పక్కన పెడతారు. ఇక్కడ పక్కన పెట్టడమనేదే లేదు. ఇక్కడిది "బెంచ్‌మార్క్", ఏడాదిలో మీరు కొత్తగా తీసుకున్నవాళ్లలో వెటరన్లు ఎంత శాతమో పోల్చి చూసుకోవడానికి ఒక గుర్తు. మొత్తం సిబ్బందిలో శాతం కాదు, కొత్త నియామకాల్లో శాతం. ఇది మొదలుపెట్టిన కొత్తలో 8 శాతం ఉండేది, ఏటా తగ్గుతూ 2024కి 5.2కి వచ్చింది, ఎందుకంటే అమెరికా కార్మికవర్గంలో వెటరన్ల వాటాయే తగ్గిపోతోంది, పాత తరం రిటైరవుతున్నారు. ఈ అంకె వద్దనుకుంటే మీ ప్రాంతాన్ని బట్టి, మీరు తీసుకునే ఉద్యోగాల్ని బట్టి సొంతంగా ఒకటి లెక్కగట్టుకునే వీలూ ఉంది, కానీ ఆ కసరత్తు 70 మంది కంపెనీకి దండగ అని నా అభిప్రాయం.

అందుకోకపోతే శిక్ష లేదు. ఓఎఫ్‌సీసీపీ వచ్చినప్పుడు అడిగేది వేరు. ఏ ప్రయత్నం చేశారు, ఎక్కడెక్కడ చెప్పారు, ఫలితం వచ్చిందా, రాకపోతే పద్ధతి మార్చారా అని. అందుకు మీ దగ్గర కాగితం ఉండాలి. కాంట్రాక్టు మొదలైన 120 రోజుల్లో ప్రోగ్రామ్ రాసి పెట్టుకోవాలి, ఏటా తిరగరాయాలి. ఎన్ని ఖాళీలు, ఎంతమంది దరఖాస్తు చేశారు, వాళ్లలో తాము వెటరన్లమని చెప్పుకున్నవాళ్లు ఎంతమంది, ఎంతమందిని తీసుకున్నారు, ఈ లెక్కలు మూడేళ్లు దాచాలి. దరఖాస్తులు ఎవరో రిక్రూటర్ సొంత మెయిల్‌లో పడి ఉండి, ఆయన ఉద్యోగం మారిపోయాక లెక్కలు దొరకని కంపెనీలు మనవాళ్లలో తక్కువేమీ లేవు.

ప్రశ్న: ప్రతి ఓపెనింగ్‌నూ లింక్డ్‌ఇన్‌లో, డైస్‌లో పెడుతున్నాం. అది వెటరన్లకూ కనిపిస్తుంది కదా, ఇంకా వేరే ఎక్కడో పెట్టాలంటారేంటి? (హెర్న్‌డన్, వర్జీనియా)

పెట్టాలి. రిపోర్ట్ తర్వాత మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఉద్యోగం ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్ర ఉపాధి సేవల వ్యవస్థకు ప్రతి ఖాళీ గురించీ తెలియజేయాలి. మీ దగ్గరైతే వర్జీనియా వర్క్‌ఫోర్స్ కనెక్షన్, టెక్సస్‌లో వర్క్‌ఇన్‌టెక్సస్, కాలిఫోర్నియాలో కాల్‌జాబ్స్. ప్రైవేటు జాబ్ సైట్లలో పెట్టడం తప్పు కాదు, కానీ దానితో ఈ బాధ్యత తీరినట్టు కాదు. వాళ్లు మీ తరఫున రాష్ట్ర వ్యవస్థకు పంపుతామంటే సరే, నిజంగా పంపారా లేదా అని మీరే చూసుకోవాలి, ఎందుకంటే అడిగేది మిమ్మల్నే.

మొదటిసారి పెట్టేటప్పుడు మూడు విషయాలు చెప్పాలి: మేం ఫెడరల్ కాంట్రాక్టర్లం, వెటరన్లను ముందుగా మా దగ్గరికి పంపండి, మా దగ్గర నియామకాలు చూసే మనిషి ఫలానా, ఆయన్ని ఇలా అందుకోవచ్చు. మీ తరఫున బయటి కన్సల్టెన్సీ ఏదైనా మనుషుల్ని వెతుకుతుంటే దాని వివరాలు కూడా. ఆ మనిషి మారితే అక్కడ మార్చాలి. మినహాయింపులు మూడే. టాప్ మేనేజ్‌మెంట్ పోస్టులు, కంపెనీ లోపలివాళ్లతోనే నింపేవి, మూడు రోజులు మించని పనులు.

ఇక్కడ ఒక మాట కటువుగానే చెప్పాలి. మన కంపెనీల్లో చాలా నియామకాలు వాట్సాప్ గ్రూపుల్లోనే జరిగిపోతాయి. "జావా ఫుల్‌స్టాక్, అర్జెంట్, బావమరిది ఉన్నా పర్లేదు" తరహా మెసేజ్, సాయంత్రానికి మనిషి ఖాయం, రాష్ట్ర వ్యవస్థలో ఆ ఖాళీ జాడే ఉండదు. ఫెడరల్ కాంట్రాక్టు ఉన్న కంపెనీకి అది చెల్లదు. "ఓపీటీ మాత్రమే", "హెచ్1 మాత్రమే" అని రాయడం అంతకంటే పెద్ద తప్పు, అది వేరే చట్టం కింద పౌరసత్వ వివక్ష అవుతుంది, కాంట్రాక్టు లేని కంపెనీనైనా పట్టుకుంటారు. ఖాళీ పెట్టిన రోజు స్క్రీన్‌షాట్, రాష్ట్రం నుంచి వచ్చిన మెయిల్ ఒక ఫోల్డర్‌లో వేసుకుంటూ పొండి, రెండేళ్ల తర్వాత అడిగినా పది నిమిషాల పని.

ప్రశ్న: మాకు ఉన్నది న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వ కాంట్రాక్టు మాత్రమే. మాకూ ఇదంతా ఉందా? (ప్లెయిన్స్‌బరో)

లేదు. వెవ్రా ఫెడరల్ కాంట్రాక్టులకే. రాష్ట్రానికి సొంత నియమాలుంటాయి, అవి మీ కాంట్రాక్టులో చూసుకోండి.

ప్రశ్న: చదువుకోవడానికి వచ్చి, పౌరసత్వం లేని కొందరిని సైన్యంలోకి తీసుకున్న మావ్నీ పథకంలో అమెరికా ఆర్మీలో చేరాను. నాలుగేళ్లు యాక్టివ్ డ్యూటీ చేసి 2019లో బయటికొచ్చాను. ఇప్పుడు ఏ ఫెడరల్ కాంట్రాక్టర్‌కు అప్లయ్ చేసినా వెటరనా అని ముందొకసారి, ఆఫర్ ఇచ్చాక ఇంకోసారి అడుగుతున్నారు. చెప్తే పీటీఎస్‌డీ (భయానక అనుభవాల తర్వాత వచ్చే మానసిక సమస్య) ఉందేమో అనుకుంటారని భయం. చెప్పడం తప్పనిసరా? నాకు యుద్ధ అనుభవం లేదు, నేను లెక్కలోకి వస్తానా? (అట్లాంటా)

తప్పనిసరి కాదు. మిమ్మల్ని అడగడం వాళ్ల బాధ్యత, జవాబు చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం. చెప్పలేదని మిమ్మల్ని ఏమీ అనకూడదు. మొదటిసారి అడిగేది మీరు ఈ చట్టం రక్షించే వెటరన్లలో ఒకరా అని మాత్రమే. ఆఫర్ తర్వాత, చేరకముందు మళ్లీ అడగాలని చట్టమే చెబుతోంది, వాళ్లు మతిమరుపుతో అడగడం కాదు. మీరు రాసిన జవాబు మీ పర్సనల్ ఫైల్‌లో ఉండకూడదు, విడిగా గోప్యంగా పెట్టాలి. మీ మేనేజర్‌కు అది చూసే పని లేదు. మీకు పనిలో ఏదైనా సదుపాయం అవసరమై అడిగితే అంతవరకు ఆయనకు చెప్తారు.

లెక్కలోకి వస్తారా అంటే, వస్తారు. రకాలు నాలుగు. సేవ వల్ల వైకల్యం పొందినవాళ్లు, సైన్యం నుంచి వచ్చి మూడేళ్లు దాటనివాళ్లు, యుద్ధకాలంలో యాక్టివ్ డ్యూటీలో ఉన్నవాళ్లు లేక క్యాంపెయిన్ బ్యాడ్జి ఉన్న చోట పనిచేసినవాళ్లు, ఆర్మ్డ్ ఫోర్సెస్ సర్వీస్ మెడల్ వచ్చినవాళ్లు. మీకు మూడేళ్లు దాటిపోయాయి కాబట్టి రెండోది పోయింది. కానీ మూడోది ఉంది. యుద్ధకాలం అనగానే తుపాకి పట్టి ముందు వరసలో నిలబడి ఉండాలని అనుకుంటారు, అలా ఏమీ లేదు. చట్టం లెక్కలో గల్ఫ్ యుద్ధకాలం 1990 ఆగస్టు 2న మొదలైంది, ఈరోజుకీ ముగియలేదు. ఆ తేదీ తర్వాత యాక్టివ్ డ్యూటీ చేసినవాళ్లు, డిస్‌ఆనరబుల్ డిశ్చార్జ్ కాకపోతే, టెక్సస్ బేస్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసినా ఇందులోకి వస్తారు. మీలాంటి వాళ్లు తమకు తామే "నేను రాను" అని గీసుకుని ఖాళీగా వదిలేస్తుంటారు. మీ డిశ్చార్జ్ కాగితాల్లో ఈ ఉద్యోగానికి సంబంధించిన భాగాన్నే కంపెనీ పరిగణనలోకి తీసుకోవాలి, మిగతాది తవ్వకూడదు. దీనివల్లే అన్యాయం జరిగిందనిపిస్తే 300 రోజుల్లోపు ఓఎఫ్‌సీసీపీకి ఫిర్యాదు చేయొచ్చు.

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి మాధవరం. ఇండియన్ ఆర్మీలో 17 ఏళ్లు చేశాను. అమ్మాయి స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డ్ మీద వచ్చి ఒక కాంట్రాక్టర్ గోడౌన్‌లో సెక్యూరిటీ ఉద్యోగానికి అప్లయ్ చేశాను. వెటరన్ అన్న చోట టిక్ పెట్టొచ్చా? (ఫ్రిస్కో)

మిలిటరీ మాధవరం అంటే ఇంటికో సైనికుడని పేరున్న ఊరు కదా, ముందుగా నమస్కారం. టిక్ మాత్రం పెట్టకండి సార్. ఈ చట్టం అమెరికా సైన్యంలో చేసినవాళ్లకే. "నేను ఈ రక్షిత వెటరన్లలోకి రాను" అన్నదాన్నే ఎంచుకోండి. అలాగని మీ 17 ఏళ్లు దాచుకోవాల్సిన పని లేదు, రెజ్యూమేలో అనుభవం కింద హోదాతో సహా రాయండి. గేటు కాపలా, ఆయుధాల లెక్క, నైట్ డ్యూటీ రోస్టర్, ఏం చేశారో అది మామూలు మాటల్లో రాస్తే సెక్యూరిటీ ఉద్యోగానికి అదే బలం.

ప్రశ్న: ట్రంప్ గారు వచ్చాక ఇవన్నీ రద్దయిపోయాయని మా బోర్డ్ మీటింగ్‌లో ఒకాయన గట్టిగా వాదించారు. రిపోర్ట్ కూడా ఆపేద్దామంటున్నారు. (షార్లెట్)

ఆయన సగం విన్నారు. 2025 జనవరి 21న వచ్చిన ఉత్తర్వు రద్దు చేసింది 1965 నాటి 11246 నంబర్ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌ని, అంటే జాతి, లింగం ఆధారంగా కాంట్రాక్టర్ల మీద ఉన్న అఫర్మేటివ్ యాక్షన్ బాధ్యతల్ని. ఒక అధ్యక్షుడి ఉత్తర్వును ఇంకో అధ్యక్షుడు ఉత్తర్వుతో తీసేయగలడు. వెవ్రా కాంగ్రెస్ చేసిన చట్టం, అలా సంతకంతో పోదు. వికలాంగుల విషయంలో ఉన్న సెక్షన్ 503 కూడా అంతే. పైగా ఆ కొత్త ఉత్తర్వులోనే వెటరన్లకు చట్టబద్ధంగా ఉన్న ప్రాధాన్యాలకు ఇది వర్తించదని విడిగా రాశారు. ఓఎఫ్‌సీసీపీ కొన్ని నెలలు ఈ పనులు పక్కన పెట్టింది నిజం, 2025 జులై 2న మళ్లీ మొదలుపెట్టింది. వెట్స్-4212 అయితే ఆ ఆఫీసు చేతిలోనే లేదని మొదటే చెప్పుకున్నాం. మీ బోర్డ్ మెంబర్ గారిని రిపోర్ట్ ఆపమని మినిట్స్‌లో సంతకం పెట్టమనండి, అప్పుడు ఏమంటారో చూద్దాం.

ప్రశ్న: మేం పనిచేసే ప్రైమ్ ఒక వికలాంగ వెటరన్ సొంతదారుగా ఉన్న సర్టిఫైడ్ కంపెనీ. వాళ్ల ద్వారా వస్తున్నాం కాబట్టి వెటరన్ల బాధ్యత తీరిపోయినట్టేగా? (టాంపా)

అది వేరే కథ. వెటరన్ల కంపెనీలకు కాంట్రాక్టులు ఇవ్వడంలో ఉండే ప్రాధాన్యం యజమాని ఎవరన్నదాన్ని బట్టి. 2023 నుంచి ఆ సర్టిఫికెట్ చిన్న వ్యాపారాల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఎస్‌బీఏ ఇస్తోంది. వెవ్రా ఉద్యోగుల గురించి. ప్రైమ్ యజమాని వెటరన్ అయినంత మాత్రాన మీ రిపోర్ట్ మీకు తప్పదు, ఆ మాటకొస్తే ఆయనదీ ఆయనకు తప్పదు.

ఒక హెచ్చరిక కూడా. వెటరన్ల కోసం ప్రత్యేకించిన సర్వీసు కాంట్రాక్టులో ప్రైమ్ తనకొచ్చే డబ్బులో సగానికి మించి తనలాంటి సర్టిఫికెట్ లేని సబ్‌లకు ఇవ్వకూడదు. పేరు ఆయనది, పని మొత్తం మీది అన్నట్టు నడుస్తుంటే ఇవాళే లాయర్‌ను కలవండి.

ప్రశ్న: మా క్యూఏ లీడ్ నేషనల్ గార్డ్‌లో (అవసరమైనప్పుడు పిలిచే రిజర్వు సైనిక దళంలో) ఉన్నాడు. తొమ్మిది నెలలకు పిలిచారట. ప్రాజెక్టు మధ్యలో ఉంది, అతని స్థానంలో వేరేవాళ్లను తీసుకోవచ్చా? (ఓమాహా)

తీసుకోండి, తాత్కాలికంగా. అతను తిరిగొస్తే ఉద్యోగం ఇవ్వాలి, అదీ వెళ్లకపోయి ఉంటే ఇప్పటికి ఏ స్థాయికి చేరేవాడో ఆ స్థాయిలో. ఇది 1994 నాటి యుసెర్రా చట్టం, కాంట్రాక్టు ఉన్నా లేకున్నా, ఒకే ఒక్క ఉద్యోగి ఉన్నా ప్రతి కంపెనీకీ వర్తిస్తుంది. మామూలుగా ఒకే యజమాని దగ్గర మొత్తం ఐదేళ్ల సైనిక సేవ వరకు ఈ హక్కు ఉంటుంది. హెల్త్ ఇన్సూరెన్స్ 24 నెలల వరకు కొనసాగించుకునే అవకాశం అతనికివ్వాలి. వెళ్లేముందు "రాజీనామా చేసి వెళ్లు, వచ్చాక చూద్దాం" అని మాత్రం పొరపాటున కూడా అనకండి.

ప్రశ్న: కాగితాల సంగతి అర్థమైంది. నిజంగా వెటరన్లను తీసుకోవాలనే ఉంది. పోస్ట్ చేస్తున్నాం, ఎవరూ రావట్లేదు. వచ్చిన ఒకటి రెండు రెజ్యూమేలు అర్థం కావట్లేదు. (శాన్ ఆంటోనియో)

శాన్ ఆంటోనియోలో ఉండి ఈ మాట అంటున్నారంటే వెతికే చోటే తేడాగా ఉంది, ఊళ్లో అంత పెద్ద మిలిటరీ బేస్ పెట్టుకుని! దగ్గర్లోని అమెరికన్ జాబ్ సెంటర్‌కు వెళ్లండి. చాలాచోట్ల కంపెనీలతో మాట్లాడి వెటరన్లకు ఉద్యోగాలు చూపించడమే పనిగా ఉన్న మనిషి ఒకరుంటారు, లోకల్ వెటరన్స్ ఎంప్లాయ్‌మెంట్ రిప్రజెంటేటివ్ అంటారు. పోర్టల్‌లో పోస్ట్ చేసి కూర్చోవడం వేరు, ఆయనకు మీ పని ఏమిటో ఎదురుగా చెప్పడం వేరు. రక్షణ శాఖ నడిపే స్కిల్‌బ్రిడ్జ్ కూడా చూడండి. సర్వీసు ఆఖరి 180 రోజుల్లోపు ఉన్నవాళ్లు మీ దగ్గరికి వచ్చి పని నేర్చుకుంటారు, ఆ కాలానికి జీతం సైన్యమే ఇస్తుంది. నచ్చితే తర్వాత మీరు ఆఫర్ ఇవ్వొచ్చు.

రెజ్యూమే విషయం. "25బీ, ఆరేళ్లు" అని చూసి మీ రిక్రూటర్ పక్కన పడేసి ఉంటాడు. ఆర్మీలో 25బీ అంటే ఐటీ స్పెషలిస్ట్, నెట్‌వర్కులు, సర్వర్లు, హెల్ప్‌డెస్క్ చూసే మనిషి. ఈ కోడ్‌లను మామూలు ఉద్యోగాల పేర్లలోకి మార్చి చూపే పట్టిక లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ల ఓనెట్ సైట్‌లో ఉచితంగా ఉంది. అలాంటి మనిషికి సెక్యూరిటీ క్లియరెన్స్ ఇంకా చెల్లుబాటులో ఉంటే మీ ఫెడరల్ ప్రాజెక్టుకు కొత్తవాడి క్లియరెన్స్ కోసం నెలల తరబడి ఎదురుచూసే పని తప్పుతుంది. మీ రిక్రూటర్‌ను ఈ వారం పాత దరఖాస్తులన్నీ ఆ పట్టిక పక్కన పెట్టుకుని మళ్లీ ఒకసారి చూడమనండి.